ఆర్పి టెర్జియన్ గారి డెబ్భై తొమ్మిది దెబ్బలు

మా హావర్‌మూర్ గోల్ఫ్ క్లబ్బులో ఎవరికీ ప్రవేశ నిషేధం లేదు. ఈ సంగతి మా నియమావళి మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో అచ్చయి ఉంది. ఆ నియమావళిని సభ్యులు కానివారికి చూపకూడదన్న సంగతి రెండో పేజీలో ఉంది. కనెక్టికట్ రాష్ట్రంలో ఇంత విశాల హృదయం గల క్లబ్బు మరొకటి లేదని ఏటా సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానిస్తుంటాం. ప్రవేశ సంఘానికి ఇరవై రెండేళ్లు కార్యదర్శిగా పనిచేసినవాణ్ణి కనుక, ఆ తీర్మానాలకు చిత్తుప్రతి రాసింది నేనేనని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

సభ్యత్వానికి దరఖాస్తు ఫారం ఉంది. అడిగినవారికి ఇవ్వం. అడిగాడంటే ఆ మనిషికి చేరాలన్న ఆత్రం ఉందన్నమాట. ఆత్రం ఉన్నవాడు పెద్దమనిషి కాడు. అడగనివారిని మేమే పిలిచి ఇస్తాం. కాకపోతే, ఎవరు పట్టుదలగా అడక్కుండా ఉన్నారో కనిపెట్టడానికి కొంతకాలం పడుతుంది. ఆరమ్ టెర్జియన్ విషయంలో పదకొండేళ్లు పట్టింది.

ఆరమ్ గారిది ఊళ్లో తివాచీల దుకాణం. ఆయన తాతగారు టర్కీలోని ఆర్మేనియన్ల ఊరు హార్పుట్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చారు. తండ్రి మా క్లబ్బుకి తివాచీలు అమ్మారు. నలభై ఏళ్లుగా ఆ తివాచీల మీదే నిలబడి, ఆ కుటుంబం మాకు తగినదా కాదా అని మేము చర్చిస్తూ వచ్చాం. ఏటా క్రిస్మస్‌కి ఆరమ్ గారు అక్రోటు పలుకులు, తేనె వేసి పొరలు పొరలుగా పేర్చిన మిఠాయి ఒక పెద్ద పళ్లెం నిండా పంపేవారు. వెంట చీటీ ఉండేది కాదు. ఆ సంయమనాన్ని సంఘం ఎంతో మెచ్చుకుంది. నిజానికి ఆయన్ని ఏడో ఏటనే పిలిచి ఉండవలసింది. సభ్యుడయ్యాక మిఠాయి పంపడం మానేస్తాడేమోనన్న భయం కొందరు పెద్దల్లో బలంగా ఉండటం వల్ల మరో నాలుగేళ్లు ఆలస్యమైంది.

1988 వసంతంలో ఫారం ఇచ్చాం. మొదటి మెట్టు, అభ్యర్థి ఇంటికి సంఘం భోజనానికి వెళ్లడం. సంఘమంటే ముగ్గురం: అధ్యక్షులు థాడియస్ క్రోవెల్ గారు, న్యాయమూర్తిగా రిటైరైన లాథ్రాప్ గారు, నేను. అభ్యర్థి సూపు ఎలా తాగుతాడో చూడటం లాథ్రాప్ గారి శాఖ. వంశ విచారణ అధ్యక్షుల వారిది.

"మీ పూర్వీకులది ఏ ఊరు?" అని అడిగారు క్రోవెల్ గారు.

"హార్పుట్ అండీ."

"అది వెర్మాంట్‌లో ఉందా?"

"కాదండీ. కొంచెం తూర్పున."

"మెయిన్ రాష్ట్రంలో అన్నమాట. మంచి చల్లటి ప్రదేశం."

"చల్లగానే ఉంటుందండీ" అన్నారు ఆరమ్ గారు. ఆయన భార్య ఆర్పి గారు గరిటె గిన్నెలో పెట్టేసి కిటికీలోంచి బయటికి చూశారు. సంఘం ఆమె మౌనాన్ని వినయం కింద నమోదు చేసింది.

రెండో మెట్టు పరీక్షాట. అభ్యర్థి సంఘంతో కలిసి పద్దెనిమిది గుంటలూ ఆడాలి. ఈ ఆటలో తక్కువ దెబ్బలతో ముగించినవాడిదే గెలుపని మీకు తెలుసు. అభ్యర్థి ఓడిపోవాలి. అలాగని మరీ చిత్తుగా ఓడితే అధ్యక్షుల గెలుపుకి విలువ ఉండదు. ఓడాక చిరునవ్వు నవ్వాలి. ఆ నవ్వు ఎంతసేపు ఉండాలన్న దానిపై మా దగ్గర రాతపూర్వకమైన మార్గదర్శకాలు లేవు. అనుభవం మీద తెలుస్తుంది.

పరీక్షాటకి నలుగురు ఉండి తీరాలని నియమం. మొదటి బంతి కొట్టబోయి వంగిన లాథ్రాప్ గారు మళ్లీ లేవలేదు. నడుము పట్టేసింది. ఆయన్ని బెంచీ మీద పడుకోబెట్టాం. ఆటలో ముగ్గురమే మిగిలాం. వరండాలో కూర్చుని టీ తాగుతున్న ఆర్పి గారు వచ్చి, "నేను ఆడతాను, మీకేం ఇబ్బంది లేకపోతే" అన్నారు.

సభ్యుల భార్యలకు గురువారం మధ్యాహ్నం రెండు దాటాకే ఆట. ఆ రోజు శనివారం, ఉదయం పది. అయితే ఈమె ఇంకా సభ్యుడి భార్య కాదు కనుక ఆ నియమం వర్తించదని లాథ్రాప్ గారు బెంచీ మీద వెల్లకిలా పడుకునే తీర్పు చెప్పారు. తన కర్రల సంచీ కూడా ఇచ్చారు. ఆయన వృత్తి జీవితంలో అంత దూరం వెళ్లిన తీర్పు మరొకటి లేదు.

ఆర్పి గారు ఇరవై ఏళ్లుగా ప్రతి మంగళవారం పొద్దున్నే ఊరి ఉమ్మడి మైదానానికి వెళ్లి ఆడుతున్న సంగతి మాకు తెలియదు. అక్కడ ఎవరైనా అయిదు డాలర్లిచ్చి ఆడుకోవచ్చు. అలాంటి చోట ఏం జరుగుతుందో తెలుసుకోవలసిన అవసరం మాకు ఎప్పుడూ కలగలేదు.

నాలుగో గుంట దగ్గర క్రోవెల్ గారు వాతావరణం గురించి మాట్లాడటం మానేశారు. తొమ్మిదో గుంట దగ్గర అసలు మాట్లాడటమే మానేశారు. ఆయన ముఖం ఎర్రబడింది. ఎండ వల్ల అని నేను నివేదికలో రాశాను. ఆ రోజంతా మబ్బు పట్టి ఉంది.

ఆరమ్ గారు మాత్రం ఆదర్శ అభ్యర్థి. ఆయన బంతులు చెరువులోకీ, పొదల్లోకీ, ఒకటి వంటవాళ్ల వరండాలోకీ వెళ్లాయి. ప్రతిసారీ ఆయన చిరునవ్వు నవ్వారు.

ఆఖరి గుంట దగ్గర ఆర్పి గారి బంతి పచ్చికలో గుంటకి అయిదడుగుల దూరాన ఆగింది. ఆరమ్ గారు ఆమె పక్కకి వెళ్లారు. నేను అక్కడికి దగ్గర్లోనే జెండా కర్ర పట్టుకుని నిలబడ్డాను. వినకూడదనే అనుకున్నాను.

"ఈ ఒక్కటీ వదిలెయ్ ఆర్పీ. నీకు పుణ్యముంటుంది."

"వదిలేసినా గెలిచేది నేనే. లెక్క చూసుకున్నావా?"

"అయితే పదమూడుసార్లు వదిలెయ్. పదకొండేళ్లు ఎదురుచూశాను."

ఆమె బంతివైపు చూశారు, మొగుడివైపు చూశారు. "పిల్లలు, కొట్టు, మీ అమ్మ. అన్నీ ఎలాగోలా నెట్టుకొచ్చాను. బాగా వచ్చిన పని ఇదొక్కటే. నలుగురు చూస్తుండగా ఆడటం ఇదే మొదటిసారి. తెలిసి తెలిసి తప్పు కొట్టమంటే నా చేతులు వినవు, ఆరమ్" అని మెల్లిగా కొట్టారు. బంతి గుంటలో పడ్డ చప్పుడు బెంచీ మీద లాథ్రాప్ గారికి కూడా వినపడిందట.

ఆర్పి గారు డెబ్భై తొమ్మిది. క్రోవెల్ గారు తొంభై ఒకటి. ఆరమ్ గారు నూట ముప్పై ఒకటి. నా లెక్క ఇక్కడ అప్రస్తుతం.

మంగళవారం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షుల వారు లేచి ప్రసంగించారు. "పెద్దలారా, మన వ్యవస్థాపకులు ఈ మైదానాన్ని ప్రశాంతత కోసం నిర్మించారు. నేను వ్యక్తిగతంగా బాధపడటం లేదు. నాకు బాధ లేదన్న విషయం నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను. కానీ రేపు మరో సభ్యుడికి ఇలా జరిగితే? ఆయనకు గుండె జబ్బు ఉంటే? స్త్రీలంటే మనకున్న గౌరవం వల్లే, వారిని ఇంతటి పాపభారం మోయనివ్వకూడదంటున్నాను."

చప్పట్లు కొట్టాం. అభ్యర్థి భార్య గెలవకూడదన్న నియమం మా పుస్తకంలో లేదు. అలాంటిది అవసరమవుతుందని ఎవరూ ఊహించలేదు. అందువల్ల కొత్త షరతు రాశాం: ఆరమ్ టెర్జియన్ గారికి సభ్యత్వం ఇవ్వడమైనది, శ్రీమతి టెర్జియన్, అధ్యక్షులు మైదానంలో లేని రోజున నిరభ్యంతరంగా ఆడవచ్చు. అధ్యక్షులు వారానికి ఆరు రోజులు మైదానంలోనే ఉంటారు. సోమవారం క్లబ్బుకి సెలవు.

ఉత్తరం తీసుకుని దుకాణానికి నేనే వెళ్లాను. ఆరమ్ గారు రెండుసార్లు చదివి, భార్య చేతికిచ్చారు. ఆమె ఒక్కసారే చదివారు.

"ఏమంటావు?" అన్నారాయన.

"నేనేమంటాను. నీకు కావాలా వద్దా, అది చెప్పు."

ఆయన వంగి తివాచీ అంచు సరిచేశారు. "మా నాన్న ఈ తివాచీ చుట్టలు భుజాన వేసుకుని ఆ క్లబ్బు వెనక గుమ్మంలోంచి వెళ్లేవాడు. ముందు గుమ్మంలోంచి ఒక్కసారైనా వెళ్లాలనుంది నాకు."

ఆర్పి గారు బల్ల మీది కలం తీసి ఆయన చేతిలో పెట్టారు. "వెళ్లు మరి. అందరికీ కనపడేలా వెళ్లు." ఆయన సంతకం పెడుతుంటే ఆమె వెనక గదిలోకి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఆరమ్ గారు ముందు గుమ్మంలోంచి లోపలికొచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సంతోషం వల్ల అని నమోదు చేశాను.

ఆయనంత మంచి సభ్యుణ్ణి మా క్లబ్బు ఎరగదు. రెండేళ్లలో ప్రవేశ సంఘంలోకి వచ్చారు. సొంత పినతండ్రి కొడుకు పేరు ముందుకొచ్చినప్పుడు వద్దని ఓటేస్తూ పెట్టెలో మొదటి నల్ల గోళీ వేసింది ఆయనే. "ఒక తివాచీల వ్యాపారి ఉన్నాడుగా, చాలు" అన్నారు. క్రోవెల్ గారు లేచి ఆయన భుజం తట్టారు.

ఇటు ఆర్పి గారు ఊరి మైదానంలోనే ఆడుతూ వచ్చారు. డెబ్భై తొమ్మిది సంగతి ఊరంతా పాకింది. ఆమె పక్కన నలుగురు ఆడవాళ్లు చేరారు, తర్వాత పన్నెండు మంది. లాథ్రాప్ గారి భార్య వెళ్లింది. ఆమె వెనక లాథ్రాప్ గారు నడుముకి పట్టీ కట్టుకుని వెళ్లారు. ఆట బాగుండేది, ఫలహారం ఇంకా బాగుండేది, నవ్వులు మా వరండా దాకా వినిపించేవి. నాకు డెబ్భై నాలుగేళ్లు వచ్చాయి. మా క్లబ్బులో ప్రశాంతత బాగా పెరిగిపోయి ఆడటానికి తోడు దొరకడం లేదు. ఒక మంగళవారం పొద్దున్న సిగ్గు విడిచి అక్కడికి వెళ్లాను.

ఆర్పి గారు ఎంతో మర్యాదగా టీ ఇచ్చారు. "మీరు మంచివారండీ. ఆ రోజు ఉత్తరం తెచ్చినప్పుడు తల వంచుకునే నిలబడ్డారు, చూశాను. కానీ మంగళవారాలు ఇప్పుడు మా బృందం పేరు మీదే ఉన్నాయి. అంతా ఒకరికొకరం బాగా అలవాటైనవాళ్లం. కొత్తవాళ్లొస్తే వాళ్లే ఇబ్బంది పడతారని మా బాధ. ముగ్గురం కూర్చుని మాట్లాడుకుని కబురు చేస్తాం" అన్నారు. ఎంత చక్కగా చెప్పారంటే, వృత్తిరీత్యా నాకు అసూయ కలిగింది.

బయట బెంచీ మీద నర్సు దుస్తుల్లో ఒకావిడ కూర్చుని ఉంది. పేరు ఐవీ ప్రోక్టర్. ఆసుపత్రిలో డ్యూటీ దిగి, పదేళ్లుగా మంగళవారమే వచ్చి ఆడుకునేదట. ఇప్పుడు ఆ రోజు ఖాళీ లేదన్నారట.

"వాళ్లేదో ఊరిని కొనేసినట్టు మాట్లాడుతున్నారండీ" అంది. "చూస్తూ ఉండండి. నేనూ ఇంకో ముగ్గురూ కలిసి బుధవారం మొదలుపెడుతున్నాం."

ప్రాణం లేచొచ్చింది. అయితే నన్ను కూడా కలుపుకోమని అడిగాను.

ఆవిడ నా బూట్ల నుంచి టోపీ దాకా ఒకసారి తీరిగ్గా చూసింది. "చూద్దామండీ. ముందు మావాళ్లని అడగాలి. వచ్చినవాళ్లందర్నీ చేర్చుకుంటే ఇంక అది మాదెలా అవుతుంది?" అంది.