అరవై దాటని రథసారథి

దుకాణాల షట్టర్లు ఇంకా నిద్రాముద్రితాలై, వీధిదీపాలు ఆరాలా వద్దా అని తటపటాయిస్తున్న ఒక ఆదివార ప్రభాతాన, మూడంతస్తుల భవన పాదమూలంలో, రెండు సిమెంటు స్తంభాల నడుమ, ప్లాస్టిక్ వాసనైనా వీడని నవరథం ఎదుట నిలిచాడు కళ్ళజోళ్ళ దుకాణాధిపతి.

బానెట్ ఎత్తాడు. ఒరలోంచి ఖడ్గం దూసినట్టు, ఇంజిన్ ఆయిల్ చూసే పుల్లను సర్రున దూశాడు. పాత బనియన్ గుడ్డతో తుడిచాడు. మళ్ళీ ముంచి, మళ్ళీ దూసి, రెండు గీతల మధ్య మెరుస్తున్న ఆ స్వర్ణరేఖను రెప్పవాల్చకుండా చూశాడు.

"బావా, మొన్న కొన్న బండికి రోజూ జ్వరం చూస్తావేంటి?" అన్నాడు బావమరిది.

ఈ బావమరిది సామాన్యుడు కాడు. ఆయిల్ చూడటమనే అల్పకార్యానికి జన్మలో తల వంచని ఉన్నతశిరస్కుడు. తత్ఫలితంగా తన సొంత కారు ఇంజిన్‌ను నట్టనడిరోడ్డున బిగుసుకుపోజేసి, తుక్కు కొట్టుకు సాగనంపిన ధీరుడు. ఆనాటి నుంచీ అతని చూపు బావగారి తాళం మీదే.

అందుకే పందెం. కొత్త ఇంజిన్ వెయ్యి కిలోమీటర్లు తిరిగేలోపు స్పీడు ముల్లు ఒక్కసారి అరవై దాటినా, ఇక ప్రతి ఆదివారం తాళం బావమరిదిది. దాటకపోతే అతను ఆ ఊసే ఎత్తకూడదు. న్యాయనిర్ణేత వెనక సీట్లోని ఇల్లాలు. మిగిలింది ఇరవై కిలోమీటర్లే.

సారథి స్టీరింగ్ మీద చెయ్యి వేసి గర్జించాడు. "ఓ యంత్రరాజమా! నీ అంతరంగంలోని లోహాలన్నీ ఒకదానికొకటి అలవాటుపడేదాకా నిన్ను ఉరికించను! ఒకే వేగానికి కట్టిపడేయను! పెంచుతాను, తగ్గిస్తాను, మరల పెంచుతాను!"

"ముందు సీటు బెల్టు పెట్టుకోండి" అంది ఇల్లాలు.

బైపాస్ మీద రథం కదిలింది. యాభై అయిదుకు పెంచాడు. ముందు పోతున్న ఒక స్కూటర్‌ను దాటాడు. శపథం ప్రకారం నలభైకి తగ్గించాడు. స్కూటర్ అతన్ని దాటింది. పెంచాడు, దాటాడు. తగ్గించాడు, దాటించుకున్నాడు. ఆ స్కూటర్ మీద ఆసీనురాలు ఒక పెద్దావిడ, హరితశిరస్త్రాణధారిణి. కాళ్ళ దగ్గర సంచిలోంచి ఉల్లికాడలు జయధ్వజాల్లా రెపరెపలాడుతున్నాయి.

సిగ్నల్ దగ్గర ఆమె పక్కకొచ్చి అద్దం మీద టకటకా కొట్టింది. సారథి అద్దం దించాడు.

"ఏం నాయనా, పొద్దున్నే నాతో ఆటలా? ముందుకెళ్తావు, నీరసపడతావు, మళ్ళీ వెళ్తావు!"

"అయ్యో, అది కాదండీ. కొత్త ఇంజిన్. కుదురుకోవాలి."

"ముందు నువ్వు కుదురుకో!"

వెనక సీట్లో ఇల్లాలు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. పచ్చదీపం వెలిగింది. స్కూటర్ బాణంలా దూసుకుపోయింది.

"బావా! పెద్దావిడ! స్కూటర్! ఉల్లికాడలు! ఇంకా ఓర్చుకుంటావా? మగాడివైతే తొక్కు!"

అప్పుడు, చెవులు ఎర్రబడగా, దవడ బిగుసుకోగా, పరువు ఒకవైపు, ప్రతిజ్ఞ ఒకవైపు పట్టి లాగగా, ఆ వీరుని దక్షిణపాదం తన ప్రమేయం లేకుండానే యాక్సిలరేటర్‌పై వాలగా, ముల్లు యాభై అయిదు దాటి, యాభై ఎనిమిది దాటి, యాభై తొమ్మిది మీద వణుకుతుండగా, బావమరిది ఊపిరి బిగబట్టి ముందుకు వంగగా...

పాదం లేచింది.

"పోనీరా" అన్నాడు సారథి. "ఆవిడ ఇంజిన్ ఎప్పుడో కుదురుకుంది."

ముల్లు దిగింది. దాంతోపాటు బావమరిది భుజాలూ దిగాయి.

సొంత వీధి మొగదల, చెత్తబండి వెనక నడకవేగంతో పాకుతుండగా, కిలోమీటర్ల మీటరులో మూడు తొమ్మిదులు ఒక్కసారిగా కుప్పకూలి, వెయ్యి సింహాసనమెక్కింది. విజయశంఖం ఊదదామని హారన్ మీద చెయ్యి వేశాడు సారథి. చెత్తబండాయన వెనక్కి తిరిగి ఒక చూపు చూశాడు. చెయ్యి తీసేశాడు.

"ఒరేయ్, ఇక తాళం ఊసెత్తావంటే చూడు" అని తీర్పు చెప్పి, బండి ఆగగానే దిగి మెట్లెక్కేసింది ఇల్లాలు.

బావమరిది మాత్రం కదల్లేదు. కాసేపు చెప్పుతో నేల గీకాడు.

"బావా... ఆ పుల్ల ఎక్కడుంటుంది?"

"ఇంజిన్ కాస్త చల్లారనీ. చూపిస్తా."

ఇద్దరూ స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. కాసేపయ్యాక బానెట్ లేచింది.

వినుడు! స్కూటర్ చేతిలో పలుమార్లు ఓడి, చెత్తబండిని సైతం దాటలేక, అరవై అనే అంకెను అల్లంత దూరం నుంచే దర్శించి ఇల్లు చేరిన ఆ మహావీరుడు, ఎన్నడూ వంగని ఒక బావమరిది శిరస్సును ఇంజిన్ ముందు జానెడు మేర వంచాడు.