ఇటలీ బేస్‌బాల్‌కు మా అభ్యంతరం లేదు

తాడేపల్లిగూడెం హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా రిటైరై, ప్రస్తుతం కొల్లేరు ప్రాంత బేస్‌బాల్ సంఘానికి ప్రచార కార్యదర్శిగా ఉన్న చిట్టిబాబు అనే నేను ప్రజలకు సవినయంగా తెలియజేయునది ఏమనగా, 2007వ సంవత్సరంలో ఇటలీ దేశపు వృత్తి బేస్‌బాల్‌కు మా సంఘం చేయదలచిన సేవ దిగ్విజయంగా ముగిసింది.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. ఒకడు బంతి విసురుతాడు, ఇంకొకడు గుండ్రటి కర్రతో దాన్ని కొట్టాలని చూస్తాడు. విసిరేవాడు గట్టివాడైతే కొట్టలేడు. ఇటలీలో ఈ ఆట ఆడి జీతం తీసుకునేవాళ్లున్నారు. అయితే అక్కడి జనానికి ఫుట్‌బాల్ పిచ్చి. తమ దేశంలో బేస్‌బాల్ ఉందన్న సంగతి పదిమందిలో తొమ్మిదిమందికి తెలియదని అక్కడివాడే ఒకాయన మాతో చెప్పుకుని బాధపడ్డాడు. కైకలూరులో ఇప్పుడు పదిమందికి పదిమందికీ తెలుసు. అది మా ప్రచార విభాగం గొప్పతనం.

ఆ బాధపడ్డ ఆసామి రొయ్యలు కొనడానికి వచ్చిన వ్యాపారి. వాళ్ల ఊరి బేస్‌బాల్ జట్టుకు యజమాని కూడా ఆయనే. 2006 మొదట్లో కైకలూరు దగ్గర వెంకట్రాజుగారి చెరువు గట్టు మీద నిలబడి రొయ్య సైజు చూడవలసినవాడు, రొయ్యను వదిలేసి కాపలా మనిషిని చూడడం మొదలుపెట్టాడు. ఆ కాపలా మనిషి పేరు ఇమ్మానుయేలు. అతని పని చెరువు మీద వాలే నీటికాకుల్ని తోలడం. డబ్బా వాయిస్తే అవి రెండు రోజులు బెదురుతాయి, మూడో రోజు నుంచి తాళం ప్రకారం మునిగి రొయ్యల్ని తింటాయి. పోనీ రాయి విసిరితే, తగిలి చచ్చిందంటే కేసు. అందుకని ఇమ్మానుయేలు తడిమట్టిని ఉండ చేసి, యాభై గజాల దూరం నుంచి, పిట్ట ముక్కుకు జానెడు ముందుగా దూసుకుపోయేట్టు విసిరేవాడు. పన్నెండేళ్లలో ఏ పిట్టకూ దెబ్బ తగల్లేదు, ఏ పిట్టా అక్కడ కడుపు నింపుకోలేదు. కర్రకు అందీ అందకుండా బంతి విసిరే మనిషి తన జట్టులో లేడని కుమిలిపోతున్న ఇటలీ ఆయన ఆ గట్టు మీదే కూలబడ్డాడు.

ఆ వేసవిలో ప్రభుత్వం కొల్లేటిలో అనుమతి లేని చెరువుల గట్లు కొట్టించింది. వెంకట్రాజుగారికి ఇంకా నాలుగు చెరువులున్నాయి కాబట్టి తట్టుకున్నారు. ఇమ్మానుయేలుకు ఉన్నది ఆ ఒక్క గట్టే. ఇంట్లో భార్య సువర్ణ, చదువుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలు. జనవరిలో ఇటలీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆరు నెలల ఆట, జీతం, బస, విమానం టిక్కెట్టు అన్నీ వాళ్లవే. మార్చి ఇరవై అయిదు లోపల వచ్చి చేరాలి, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. చివర ఓ చిన్న మాట: మీరు ఏదైనా క్లబ్బులో సభ్యులైతే, అభ్యంతరం లేదని వాళ్ల దగ్గర కాగితం తీసుకురండి.

ఇమ్మానుయేలు ఏ క్లబ్బులోనూ లేడు. కాబట్టి ఏ కాగితమూ అక్కర్లేదు. తెలివితక్కువ ఊరివాళ్లయితే అతన్ని అప్పుడే విమానం ఎక్కించేసి ఉండేవాళ్లు. మా మనిషి పైదేశం పోతుంటే అభ్యంతరం లేదని చెప్పే దిక్కు కూడా లేకపోవడం ఎంత నామోషీ! అభ్యంతరం లేదనాలంటే, అభ్యంతరం పెట్టగలిగినవాళ్లు ముందు ఉండాలి. వారం తిరక్కుండా ఏలూరులో సంఘం పుట్టింది. వెంకట్రాజుగారు అధ్యక్షులు, ఐసు ఫ్యాక్టరీ లాల్ బాషాగారు ఉపాధ్యక్షులు, ప్రచారం నేను, ఇంకా ముప్పై ఎనిమిదిమంది కార్యవర్గం. ఆటగాళ్ల విభాగంలో ఇమ్మానుయేలు ఒక్కడే. అతని చేత సభ్యత్వ ఫారం మీద సంతకం పెట్టించాం. ఆ క్షణం నుంచి అతనికి మా కాగితం అవసరమైంది.

సంఘానికి ఆట ఎలా ఉంటుందో తెలియాలి కదా అని వట్లూరులో ఒక మైదానం తీసుకుని ప్రదర్శన పెట్టాం. వెంకట్రాజుగారు స్వయంగా కర్ర పట్టుకున్నారు. "మీరు కదలకుండా ఉంటే చాలండి రాజుగారూ" అని ఇమ్మానుయేలు విసిరాడు. బంతి రాజుగారి బొజ్జకు జానెడు ముందు నుంచి పోయింది. అది వెనక గోడకు తగిలాక ఆయన కర్ర ఊపారు. కార్యవర్గం చప్పట్లు కొట్టింది రాజుగారికే. ముప్పై రెండేళ్లు పిల్లల చేత డ్రిల్లు చేయించాను గానీ, ఒక చెయ్యి అంత అందంగా తిరగడం నేనెన్నడూ చూడలేదు. కళ్లు చెమర్చాయి. ఈ సంగతి మినిట్స్‌లో రాయలేదు.

కాగితం ఫిబ్రవరి ఒకటికే సంతకాలతో సహా తయారైంది. అలాగని చేతిలో పెట్టి పొమ్మంటామా? ప్రమోషన్ వచ్చినా, రిటైరైనా, పక్క వీధి ఆఫీసుకు బదిలీ అయినా శాలువా కప్పకుండా పంపే అలవాటు మన దగ్గర లేదు. సన్మాన సభలో మంత్రిగారి చేతుల మీదుగానే కాగితం అందించాలని తీర్మానించాం.

"కాయితం ఇప్పుడే ఇచ్చేద్దామండీ. శాలువా వెనకాల పార్సెల్లో పంపొచ్చు" అన్నారు లాల్ బాషాగారు. కార్యవర్గం ఆయన హాస్యచతురతను అభినందించి, వేదిక అలంకరణ బాధ్యత ఆయనకు అప్పగించింది.

మంత్రిగారు ఫిబ్రవరి పద్నాలుగు ఇచ్చారు. ఆ రోజు కామవరపుకోటలో గోదాము ప్రారంభం తగిలింది. మార్చి నాలుగు ఇచ్చారు, హైదరాబాదు నుంచి కబురొచ్చింది. మార్చి పద్దెనిమిది ఇచ్చి, ఉగాది ముందు అమావాస్య ఘడియలని వారే వెనక్కి తీసుకున్నారు. తేదీ మారినప్పుడల్లా కొత్త ఫ్లెక్సీ వేయించాం. కార్యవర్గం ఫోటోలు నలభై ఒకటీ పట్టాక ఇమ్మానుయేలు ఫోటోకు చోటు చాల్లేదు. పేరు మాత్రం అచ్చుతప్పు లేకుండా పడింది.

ఇరవయ్యో తేదీన సువర్ణ రాజుగారింటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"ఇంకా అయిదు రోజులేనండి రాజుగారూ. సన్మానం ఆయన తిరిగొచ్చాక చేసుకోవచ్చు కదండి. ఆ కాయితం ఒక్కటీ ఇప్పించండి."

"నీకు తెలీదమ్మా సువర్ణా. ఉత్తినే దిగితే అక్కడ మనవాణ్ణి ఎవరు లెక్కచేస్తారు? మంత్రిగారు సాగనంపారంటే ఆ గౌరవమే వేరు."

"వాళ్లు చూసేది బంతినేగదండి" అంది సువర్ణ.

రాజుగారు ఆమెకు కాఫీ ఇప్పించారు. కాగితం నా సొరుగులోనే ఉంది, తాళం నా జేబులోనే ఉంది. తీసి ఇచ్చేద్దామని ప్రాణం కొట్టుకుంది. కానీ తీర్మానం తీర్మానమే గదా అని ఊరుకున్నాను.

మార్చి ఇరవై అయిదు ఎవరి అనుమతీ అడక్కుండా వెళ్లిపోయింది. ఏప్రిల్ మొదటి వారంలో, ఆ స్థానంలో వేరే దేశపు కుర్రవాణ్ణి తీసుకున్నామనీ, చాలా విచారిస్తున్నామనీ ఇటలీ నుంచి ఉత్తరం వచ్చింది. మంత్రిగారి తేదీ కూడా అదే వారం ఖరారైంది, ఏప్రిల్ ఇరవై తొమ్మిది. దొరక్క దొరక్క దొరికిన తేదీ కనుక, ఉత్తరాన్ని దాఖలు చేసి సభ జరపాలని కార్యవర్గం ఏకగ్రీవంగా నిర్ణయించింది.

హాలు కిటకిటలాడింది. "తివాచీలకు పేరుపడ్డ మన ఏలూరు నేడు బేస్‌బాల్‌కూ పేరుపడింది. ఇటలీలో కప్పు గెలుచుకుని వచ్చిన ఈ తమ్ముణ్ణి చూస్తుంటే నా హృదయం ఉప్పొంగుతోంది" అన్నారు మంత్రిగారు. పి.ఏ. చెవిలో ఏదో ఊదాడు. "గెలుచుకు రాబోతున్న" అని సవరించుకుని, వారు అభ్యంతరం లేదన్న కాగితాన్ని, ఎండాకాలం శాలువాలో చెమటలు కక్కుతున్న ఇమ్మానుయేలు చేతిలో పెట్టారు. రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చాం.

"అందరికీ నమస్కారమండి. ఈ కాయితం ఇప్పుడు ఎవరికి చూపించాలండి?" అన్నాడు.

అతని వినయానికి హాలు దద్దరిల్లింది.

ఇప్పుడతను లాల్ బాషాగారి ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు మోస్తున్నాడు. కుడి భుజం పట్టేసి చెయ్యి సరిగా లేవడం లేదని తెలిసింది. అతని కీర్తి చిరకాలం నిలవాలని సంఘం ఏటా ఇమ్మానుయేలు స్మారక కప్పు పోటీలు జరపబోతోంది. "మనిషి బతికే ఉన్నాడండీ" అని లాల్ బాషాగారు గుర్తుచేశారు. బతికున్నవాడి పేరు పెట్టాలంటే అతని అంగీకారపత్రం కావాలి, స్మారకమైతే ఏ కాగితమూ అక్కర్లేదు, పని తొందరగా అవుతుంది అని అధ్యక్షులు వివరించారు.

ఇది చదివి అయ్యో పాపం అంటున్న పెద్దలకు ఒక్క మనవి. నేను ఆ రోజు వేదిక మీద నుంచి హాలంతా చూశాను. అతను ఆ ప్రశ్న అడిగినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మీరు కూర్చున్న వరసే.