తవిటమ్మకు ప్రథమ చికిత్స

దుంగ తవిటమ్మ వేలిముద్రలు మూడేళ్ల కిందటే ఆమె పెంచుకుంటున్న టరంటులా సాలీడు కాళ్లకు బదిలీ అయిపోయాయి కనుక, ఆ సాలీడు చూరు మీంచి రుబ్బురోలు మీద పడ్డ రోజున, గాయపడింది తవిటమ్మేనని ఊళ్లో అందరూ ఒప్పుకున్నారు.

ఇందులో వింతేమీ లేదు. తవిటమ్మ నలభై ఏళ్లు జీడిపిక్కలు కొట్టింది. పిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని తినేస్తుంది. ముందు చూపుడువేలి గీతలు పోయాయి, తర్వాత బొటనవేలివి, చివరికి చిటికెనవేలివీ పోయాయి. రేషన్ డిపోలో యంత్రం ఆమె పది వేళ్లూ చూసి, ఇలాంటి మనిషి లేదని చెప్పింది. ఆర్నెల్లు అదే మాట చెప్పాక, పిక్కల గోనెలో తోట నుంచి వచ్చిన సాలీడొకటి ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుని డిపో దాకా వచ్చి, యంత్రం మీదికెక్కి ముందుకాలు ఆనించింది. పచ్చదీపం వెలిగింది. "దుంగ తవిటమ్మ గారూ, ధన్యవాదాలు" అంది యంత్రం.

డీలరు కూర్మారావు బియ్యం తూచాడు. "నీ పని నయమే అప్పా. పై ఊళ్లో ఒకాయనవి తాటిమొద్దుకి ఎల్లిపోనాయి. నెలనెలా బండి కట్టి తెస్తన్నాడు" అన్నాడు.

ఆ రోజు నుంచి తవిటమ్మ సాలీడును నెత్తిన పెట్టుకుని చూసుకుంది. మనవరాలు ఢిల్లీశ్వరి దానికి అమ్మడు అని పేరు పెట్టి, బొద్దింకలు పట్టి వేసేది. ఇంట్లో అది అమ్మడు. కాగితాల్లో మాత్రం అదే తవిటమ్మ.

ఇప్పుడు అమ్మడి పొట్ట చీలి, లేత నీలం రంగు నీరు కారుతోంది. మర్నాడే నెలాఖరు. ఆ సాయంత్రంలోగా తవిటమ్మ బతికే ఉందని యంత్రం మీద కాలు ఆనించి రుజువు చేయకపోతే కార్డు రద్దవుతుంది. ఆ కార్డులో రెండో పేరు ఢిల్లీశ్వరిది.

ఢిల్లీశ్వరి తొమ్మిదో తరగతి. ఎవరేమడిగినా తలూపడమే తప్ప నోరు విప్పని పిల్ల. ఆ పిల్లే పశువైద్యశాలకు ఫోన్ చేసింది. రోగి పేరు తవిటమ్మ, వయసు అరవై నాలుగు అని విని, తమది మనుషుల ఆసుపత్రి కాదని మర్యాదగా చెప్పి పెట్టేశారు. తర్వాత ఆరోగ్య కేంద్రానికి చేసింది. నర్సు పద్మజ ఎత్తింది.

"ముద్రలు బదిలీ అయినవాళ్లా? కాళ్లెన్ని?"

"ఎనిమిది."

"అయితే నాలుగో పేజీ" అంటూ నర్సు సర్క్యులర్ తిరగేసింది. "చేత్తో పట్టుకోకు. పల్చటి అట్ట ఏదైనా కిందికి తోసి ఎత్తు. కారిన నీటిని దూది కొసతో అద్దు, తుడవకు."

ఇంతలో తవిటమ్మ ఆముదం సీసా పట్టుకుని వచ్చింది. పిక్కలు కొట్టే ఇళ్లలో ఏ గాయానికైనా ముందు ఆముదమే. పనిలో కూర్చునే ముందు చేతులకు పట్టించేదీ అదే. ఆమె మూత తీసి వంచబోయింది.

"నూనె చుక్క తగలకూడదు" అని ఫోన్‌లో నర్సు చదువుతోంది. "వాళ్ల ఊపిరి పొట్ట కిందే ఉంటుంది. మూసుకుపోతే ఇక అంతే."

"అమ్మమ్మా, ఒగ్గీ దాన్ని" అంది ఢిల్లీశ్వరి. ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడగా ఆ ఇంటి గోడలు వినడం అదే మొదలు.

తవిటమ్మ సీసా దించింది. "ఆముదం కాదంటే మరేటి రాయాల?"

"మొక్కజొన్న పిండి చల్లాలట. చిటికెడు."

"ఓలమ్మ. నా సేతులు పుండ్లు పడినప్పుడు పిండి సల్లమన్న డాకటేరు ఒక్కడూ లేడే" అంది తవిటమ్మ. అందులో కుళ్లు లేదు, వైద్యం ఇంత ముందుకు వెళ్లిందన్న సంతోషం ఉంది. సెంటర్లో మంచూరియా బండి దగ్గరికి వెళ్లి, కాగితం పొట్లంలో పిండి అడిగి తెచ్చింది.

ఇంట్లో పల్చటి అట్ట రేషన్ కార్డు ఒక్కటే. దాన్నే అమ్మడి కిందికి మెల్లగా తోశారు. దూది అద్దారు, పిండి చల్లారు. కన్నాలు పెట్టిన స్వీటు డబ్బాలో తడిగుడ్డ పరిచి, చిన్న మూతలో నీళ్లు పెట్టి, ఎండ తగలని మూల ఉంచారు. పొద్దు వాలేసరికి పిండి అట్టకట్టి కారడం ఆగింది. తవిటమ్మ చేతులెత్తి ఫోన్‌కు దండం పెట్టింది. నర్సు ఎప్పుడో పెట్టేసింది.

మర్నాడు డిపో దగ్గర క్యూ అంతా డబ్బా చుట్టూ మూగింది.

"తవిటమ్మకెలాగుంది?" అని డబ్బాలోకి చూస్తూ అడిగారు.

"నిమ్మళంగానే ఉందయ్యా, మీ దయ" అంది పక్కనే నిల్చున్న తవిటమ్మ.

కూర్మారావు యంత్రాన్ని డబ్బాలోకి దించాడు. అమ్మడు కదల్లేదు. క్యూలో ఎవరూ గొణగలేదు. చాలాసేపటికి అమ్మడు ముందుకాలు ఎత్తి, గాల్లో వెతుక్కుని, అద్దం మీద ఆనించింది. పచ్చదీపం వెలిగింది. తవిటమ్మ కళ్లు తుడుచుకుంది. "బతికీసేనే అమ్మీ" అంది.

వాళ్లు ఇల్లు చేరేసరికి వీఆర్వో ఉషారాణి అరుగు మీద కాగితాలతో కూర్చుని ఉంది. కార్డుదారు అనారోగ్యం నమోదైతే ఇల్లు తనిఖీ చేయాలట. డబ్బాలోకి చూసి తవిటమ్మ ఉంది అని టిక్కు పెట్టింది. ఢిల్లీశ్వరి ఉంది అని ఇంకోటి పెట్టింది. తర్వాత ముసలామె వైపు చూసింది.

"ఈమె ఎవరు? కార్డులో లేరే."

"నానేనమ్మా తవిటమ్మని" అంది తవిటమ్మ.

"ఆమె డబ్బాలో ఉన్నారు కదండీ" అంది వీఆర్వో, విసుగేమీ లేకుండా. మంచి మనిషి. పుటలన్నీ తిరగేసి దారి వెతికింది. "ఒక గడి ఖాళీగా ఉంది. పెంపుడు జీవి. అందులో రాస్తే ఎవరూ అభ్యంతరం పెట్టరు. ఏడాదికో టీకా కూడా వస్తుంది."

తవిటమ్మ మొహం విప్పారింది. "రాయీ తల్లీ. ఎక్కడో ఒక కాడ రాసినావు. అదే పదివేలు."

"ఏం తింటుంది?"

"గంజి" అంది ఢిల్లీశ్వరి.

"కరుస్తుందా?"

"కరవనమ్మా. పళ్లు లేవు" అంది తవిటమ్మ.

వీఆర్వో అంతా రాసి, అడుగున యజమాని సంతకం గడి దగ్గర ఆగింది. డబ్బాలోకి మరోసారి చూసింది. "ఇప్పుడు కాలు కదిలించమనడం బాగోదు. వారం ఆగి వస్తాను. యజమాని కోలుకునే దాకా దీన్ని వీధిలోకి వదలకు" అని ఢిల్లీశ్వరికి చెప్పి వెళ్లింది.

ఢిల్లీశ్వరి తలూపింది. వెళ్లి వీధి తలుపు గడియ పెట్టి వచ్చింది. తవిటమ్మ డబ్బా పక్కన చాప పరుచుకుని, తన యజమానికి గాలి ఎక్కువ తగలకుండా చెంగుతో మెల్లగా విసురుతూ, తొందరగా కోలుకోవాలని దండం పెట్టుకుంది.