మామగారూ, కుళాయి కాస్త చూస్తారా?

ఆ ఆదివారం పొద్దున్న అల్లుడు పెట్టుకున్న పని ఒక్కటే: మామగారి చేత "నువ్వు" అనిపించుకోవడం. పెళ్ళై నాలుగేళ్ళైనా ఆయన "అల్లుడుగారూ, తమరు భోంచేశారా?" దగ్గరే ఆగిపోయారు. ఒకే సోఫాలో కూర్చున్నా ఇద్దరి మధ్యా ఒక పెళ్ళిబృందం పట్టేంత చోటు.

తప్పు నీదేనని భార్య తేల్చేసింది. అతను ఎవర్నీ ఏ సాయమూ అడగడు. దారి తప్పితే అడగడానికి మొహమాటపడి, పక్క ఊరు చూసొచ్చే రకం.

"మా నాన్నకి ఏదో ఒక పని చెప్పు. ఏదీ అడగనివాణ్ణి ఆయన చుట్టం అనుకోరు, తనిఖీకొచ్చిన ఆఫీసరనుకుంటారు" అంది.

చిక్కేమిటంటే ఇంట్లో అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. అందుకని అల్లుడు మొహమైనా కడుక్కోకుండా, లక్షణంగా ఉన్న వంటింటి కుళాయిని పానాతో వదులు చేసి, చుక్కలు పడుతున్నాయని నిర్ధారించుకున్నాక ఫోన్ చేశాడు. భార్య వాళ్ళమ్మని తీసుకుని బజారుకెళ్ళింది.

మామగారు గడియారాల మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. సామాన్లపెట్టెతో పెళ్ళికొడుకులా దిగి, కంటికి భూతద్దం తగిలించి, కుళాయైనా గడియారమైనా టిక్కుటిక్కుమనేవేగా అన్నారు.

ఒక్క తిప్పు తిప్పారు. కుళాయి చేతికొచ్చింది, నీళ్ళు సీలింగుకి తగిలాయి. మెయిన్ వాల్వు కట్టబోతే దాని పిడీ చేతికొచ్చింది. గిన్నెలు హాల్లోకి షికారు బయల్దేరాయి. కింది వాటా సంగీతం టీచరు ఇంట్లోనే గొడుగేసుకోవలసి వచ్చి, ఆ గొడుగుతోనే మెట్లెక్కి వచ్చింది. ఆవిడ వెనకే బజారు నుంచి అత్తగారు.

మామగారి మొహం పాలిపోయింది. పోయిన నెల మిక్సీ విప్పి మళ్ళీ బిగించలేకపోయినప్పుడే, ఇంకొకటి విప్పితే ఆ పెట్టెని పాతసామాన్లవాడికి వేసేస్తానని అత్తగారు హెచ్చరించి ఉన్నారు. ఆ పెట్టె ఆయన పంచప్రాణాలు. అల్లుడి చెవి దగ్గరకొచ్చారు. నాలుగేళ్ళ గౌరవం నీళ్ళలో కొట్టుకుపోయింది.

"ఒరేయ్, నాకో సాయం చెయ్యరా. నువ్వే విప్పావని చెప్పు."

అల్లుడి కళ్ళు చెమర్చాయి. నిలువునా తడిసి ఉన్నాడు గనక ఎవరూ గమనించలేదు.

"నేనే విప్పానత్తయ్యా" అన్నాడు. అందులో సగం నిజమే కాబట్టి గొంతు వణకలేదు.

అత్తగారు దులిపేశారు. మామగారు కూడా తలాడిస్తూ, "తెలీని పనిలో వేలెట్టకురా అంటే విన్నావా?" అని ఓ చెయ్యి వేశారు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒకే తువ్వాలుతో తల తుడుచుకున్నారు.

సంగీతం టీచరు మాత్రం, అప్పటిదాకా "బాబూ, నువ్వు" అనేది కాస్తా, ఆ రోజు నుంచి "ఏవండీ, మీరు" అంటోంది.