లక్షా నూట పదహారు బంతిపూలు

విజయవాడ ట్రాఫిక్ సమస్యను ప్రపంచంలోనే మొట్టమొదటిసారిగా కంప్యూటర్‌లో పరిష్కరించబోతున్నట్టు డిజిటల్ ఉల్లాస శాఖ మంత్రి రామకోటేశ్వరరావు గారు సోమవారం గవర్నర్‌పేటలోని ఒక హోటల్లో ప్రకటించారు. రోడ్డు మీద పరిష్కరించడం ఎవరైనా చేస్తారని, అందులో గొప్పేముందని ఆయన విలేకరులను ఎదురు అడిగారు.

ఆ పరిష్కారం ఒక వీడియో గేమ్. పేరు ‘మన బెజవాడ, మన బస్సు’. విదేశాల్లో ఎవరో తయారుచేసిన బస్సు నడిపే ఆటను శాఖ కొన్నది. అలాంటి ఆటలో మనకు కావలసిన రోడ్లూ బొమ్మలూ మనమే తయారుచేసి చేర్చుకోవచ్చు. వాటిని మోడ్‌లంటారు. శాఖలో కాంట్రాక్టు మీద పనిచేసే హెప్సిబా ఏడాదిపాటు కూర్చుని ఏలూరు రోడ్డు, కాలవ వంతెనలు, అడ్డంగా తిరిగే ఆటోలు, హారన్ కొడితే ఓసారి వెనక్కి చూసి మళ్లీ నింపాదిగా నడిచే మనుషులు, అన్నీ చేర్చింది. ఆ మనుషుల్లో పూల గొడుగు వేసుకున్నావిడ అచ్చం హెప్సిబా వాళ్లమ్మే. ఆట చక్కగా నడిచింది.

అప్పుడు నాయకులు చూశారు. ఊరు ఊరులాగే ఉందిగానీ ఫ్లెక్సీలేవని అడిగారు. రెండు వందల పన్నెండు ఫ్లెక్సీలు, పదిహేడు స్వాగత ద్వారాలు, ఒక విగ్రహం కొత్త మోడ్‌లుగా వచ్చి చేరాయి.

సోమవారం మంత్రిగారు స్వయంగా స్టీరింగు పట్టుకున్నారు. బస్సు గవర్నర్‌పేటలో బయల్దేరి బెంజ్ సర్కిల్ చేరేసరికి తెర నల్లబడింది.

“ఇది అండర్‌పాస్,” అన్నారు మంత్రిగారు రెప్ప వేయకుండా.

“బస్సు బయటికెప్పుడొస్తుందండీ?” అన్నాడొక విలేకరి.

“రెండో దశలో.”

చప్పట్లు మోగాయి.

మర్నాడు ప్రత్యేకాధికారి సంజీవరావు గారు హెప్సిబాను పిలిచారు. శుక్రవారం ప్రారంభోత్సవం. ఆమె కాంట్రాక్టు పొడిగింపు ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. దాని మీద ఆయన టీ కప్పు ఉంది.

“క్రాష్ లాగ్ చూశాను సార్. ఆట ఆగిపోయే ముందు కంప్యూటరు రాసుకునే డైరీ లాంటిది అది.”

“అందులో ఎవరి పేరైనా ఉందా?”

“పేర్లుండవు సార్. మెమరీ చాలలేదని ఉంది.”

“హమ్మయ్య.”

“కొత్తగా వచ్చినవాటిలో ఏదో ఒక మోడ్ వల్లే ఇదంతా. సగం తీసేసి ఆడి చూడాలి సార్. ఆగకుండా నడిస్తే, తప్పు తీసేసిన సగంలో ఉన్నట్టు. అందులో మళ్లీ సగం. అలా ఒక్కటి మిగిలేదాకా.”

సంజీవరావు గారు కళ్లజోడు తీశారు. “ఎవరి సగం, హెప్సిబా గారూ?”

ఇంజినీరింగు చదివిన నాలుగేళ్లలో ఈ ప్రశ్న ఆమెనెవరూ అడగలేదు.

సమావేశం పెట్టారు. కార్పొరేటర్ కనకలక్ష్మి గారు అందరికంటే ముందు లేచారు.

“నా ఫ్లెక్సీ మీద చెయ్యేస్తే ఊరుకోను!”

“పది నిమిషాలేనండీ, టెస్టింగుకి. మళ్లీ పెట్టేస్తాను,” అంది హెప్సిబా.

“పది నిమిషాలు కనపడకపోతే పార్టీ మారిందనుకుంటారమ్మా! పోయినసారి జ్వరమొచ్చి రెండ్రోజులు పడుకుంటే అవతలివాళ్లు కండువా పట్టుకుని ఇంటికొచ్చేశారు.”

ఈ అనుభవం చాలామందికి ఉంది. అందుకని, ఎవరూ అభ్యంతరం చెప్పనివాటిని ముందు తీయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. “నడిచేవాళ్ల తరఫున ఎవరైనా వచ్చారా?” అని సంజీవరావు గారు వేలంపాటలో అడిగినట్టు మూడుసార్లు అడిగారు. ఎవరూ రాలేదు. నడిచేవాళ్లను తీసేశారు. ఆట ఆగిపోయింది. ఆటోలను తీసేశారు. ఆగిపోయింది. బస్టాపులు, చెట్లు, ఒక ఆసుపత్రి పోయాయి. అయినా ఆగిపోతూనే ఉంది. ఆగిన ప్రతిసారీ సంజీవరావు గారు నోటు పుస్తకంలో ‘పురోగతి’ అని రాసుకున్నారు.

అందరూ భోజనానికి వెళ్లగానే హెప్సిబా తలుపు దగ్గరగా వేసింది. ఊరంతా తిరిగి పెట్టింది. ఫ్లెక్సీలు, ద్వారాలు, విగ్రహం తీసేసింది. బస్సు బెంజ్ సర్కిల్ చేరింది. ఒక ఆటో చెయ్యి కూడా చూపించకుండా అడ్డం తిరిగింది. గొడుగావిడ దారివ్వలేదు. హెప్సిబా హారన్ మోగిస్తూ, పకపకా నవ్వుతూ సర్కిల్ చుట్టూ మూడు చుట్లు కొట్టింది. తర్వాత పనిలోకి దిగి సగం, అందులో సగం చొప్పున వెతుక్కుంటూ పోయింది. ఎనిమిదో విడతకి దొంగ దొరికింది.

అది మంత్రిగారి నూరడుగుల విగ్రహం. విగ్రహం పాపం ఏమీ చేయలేదు, చేసిందంతా దాని మెడలో దండ. అందులో లక్షా నూట పదహారు బంతిపూలు. ఏ పువ్వుకాపువ్వు రేకులతో సహా విడిగా తయారు చేయించారు. బస్సు దగ్గరికి రాగానే కంప్యూటరు అన్నిటినీ ఒక్కసారి చూపించబోయి ప్రాణం విడుస్తోంది.

“దండ సార్,” అంది హెప్సిబా.

సంజీవరావు గారు లేచి వెళ్లి తలుపేశారు. కిటికీ కూడా వేశారు.

“పూలు పదివేలకి తగ్గిస్తే చాలు సార్. చూసేవాళ్లకి తేడా తెలీదు. రిపోర్టు రాసిస్తాను.”

“రాయకండమ్మా. రాస్తే నిజమైపోతుంది.” ఆయన గొంతు తగ్గించారు. “దండ అలాగే ఉండాలంటే ఇంకేం తీసేయొచ్చు?”

“ఇంకేముంది సార్, ఊరే.”

సంజీవరావు గారు టీ కప్పు పక్కకు జరిపి ఫైలు తెరిచారు.

హెప్సిబా ఆ ఫైలు వంక చూసింది. ఆ సాయంత్రం ఊరు తీసేసింది. గొడుగావిడను మాత్రం పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

శుక్రవారం ప్రారంభోత్సవం దిగ్విజయంగా జరిగింది. తెర మీద బూడిదరంగు మైదానం. మధ్యలో విగ్రహం. కట్టుకోవడానికి స్తంభాలు లేక గాలిలో నిలబడ్డ రెండు వందల పన్నెండు ఫ్లెక్సీలు. మంత్రిగారు పావుగంటసేపు స్టీరింగు తిప్పారు. ఏదీ కదల్లేదు, ఏదీ ఆగిపోలేదు.

“బస్సేదండీ?” అన్నాడు విలేకరి.

“ట్రాఫిక్ కనిపిస్తోందా?”

“లేదండీ.”

“మరి?”

విలేకరి రాసుకున్నాడు. హెప్సిబా కాంట్రాక్టు మూడేళ్లు పొడిగించారు.

శనివారం ఉదయం ఆఫీసుకి బయల్దేరిన ఆమె సిటీ బస్సు బెంజ్ సర్కిల్ ఇంకా అర కిలోమీటరు ఉందనగా ఆగింది. కండక్టరు అందరినీ దిగిపొమ్మన్నాడు. రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు పక్కన కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు.

“రెండో దశ మొదలైందంట, బస్సులు ముందుకి పోవమ్మా.”

“పర్లేదండీ, నడిచి వెళ్తాను.”

“అసలు నడిచేవాళ్లనే ముందు ఆపమన్నారమ్మా,” అన్నాడు కానిస్టేబుల్. “ఆటోలు మధ్యాహ్నం నుంచంట.”