పలుపు ఇవ్వని బేరం

ఆదివారం పొద్దున తొమ్మిదింటికల్లా కారును కొన్నవాడి చేతిలో పెట్టాలి, పదింటికి తీరిగ్గా కూర్చుని బొరుగుల ఉగ్గాని తినాలి. హనుమంతరాయుడు వేసుకున్న పథకం ఇంతే. పథకంలో ఏ లోపమూ లేదు. దాన్ని ముందురోజే భార్యకు చెప్పడం ఒక్కటే ఆయన చేసిన తప్పు.

అనంతపురంలో ఆయనకు శెనక్కాయలు ఒలిచే మిల్లు ఉంది. మిల్లుకన్నా ఆయన కారుకే ఎక్కువ పేరు. పంతొమ్మిది వందల ముప్పై ఆరులో ఆయన నాయన ఒక దొర దగ్గర కొన్న నల్లటి సీమకారు అది. ముందు రెండు బిందెలంత దీపాలు, పక్కన ఎక్కడానికి మెట్లు, లోపల తోలు సీట్లు. ఊళ్లో సగం మంది పెళ్లికూతుళ్లు ఆ సీట్లలో కూర్చునే అత్తవారిళ్లకు వెళ్లారు. హనుమంతరాయుడికి కారు నడపడం రాదు. వెనక సీట్లో కూర్చోవడం ఒక్కటే వచ్చు. ఆ విద్యలో మాత్రం ఆయనను మించినవాడు జిల్లాలో లేడని చూసినవాళ్లంతా ఒప్పుకుంటారు.

అంత కారునూ అమ్మాల్సిన అవసరం కొండప్ప వల్ల వచ్చింది. కొండప్పది ఎదురు మిల్లు. ఆరేళ్ల కిందట ఇద్దరూ ఒకే రోజు బెంగుళూరు వెళ్లి కొత్త కారుకు పేర్లు రాయించుకున్నారు. హనుమంతరాయుడు అరగంట ముందు రాయించుకున్నాడు. ఇన్నాళ్లకు, అరవై రెండులో, జాబు వచ్చింది. మీ వంతు వచ్చింది, ఈ నెలాఖరులోగా సొమ్ము కట్టి కారు తీసుకోండి, లేకపోతే వెనక పేరుకు ఇచ్చేస్తాం అని అందులో ఉంది. వెనక పేరు ఎవరిదో జాబులో రాయలేదు, రాయనక్కరా లేదు.

మూడేళ్లుగా వానలు లేవు. మిల్లులో ఒలవడానికి కాయలు లేవు. పాత కారు అమ్మితేనే కొత్తది వస్తుంది. అమ్మకపోతే కొండప్ప కొత్త కారెక్కి రోజూ తన ఇంటి ముందునుంచే పోతాడు. ఈ రెండు బాధల్లో ఏది పెద్దదో తేల్చుకోవడానికి హనుమంతరాయుడికి వారం పట్టింది. చివరికి కొండప్ప బాధే పెద్దదని తేలింది.

కొనేవాడు విడపనకల్లు మద్దిలేటి. ఎద్దుల సంతల్లో వెంట్రుకలు నెరిసిన మనిషి. ఈమధ్యే పత్తి కలిసొచ్చి కారు మీద మోజు పుట్టింది. బేరం కూడా సంతలో లాగే తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ముగించాడు. ఆదివారం మొదటి బస్సుకే దిగి, కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, వెనక తొడ మీద చరిచి, ముందుకొచ్చి పళ్లు చూడ్డానికన్నట్టు వంగాడు.

"వయసైనా మంచి జాతిది అన్నా," అన్నాడు.

కారు అప్పటికే ముస్తాబై ఉంది. హనుమంతరాయుడి భార్య సిద్దమ్మ తెల్లవారకముందే లేచి తడిగుడ్డతో దాన్ని తుడిచి, దీపాలకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, వేపరెమ్మలు చుట్టి, ముందు బంతిపూల దండ కట్టింది. ఇంటినుంచి పోయేదాన్ని బోసిగా పంపడం ఆమెకు చేతకాదు. మధ్యమధ్య ముక్కు చీదుతూ ఈ పనంతా చేసింది.

"ఇంగ స్టార్ట్ చెయ్యి ఇమామూ," అన్నాడు హనుమంతరాయుడు, కారు వైపు చూడకుండా.

ఇమాం హుస్సేన్ ఇరవై ఏళ్లుగా ఆ కారు డ్రైవరు. దాని దగ్గు, దాని తుమ్ము అతనికి తెలుసు. ముందు భాగంలో ఇనుప హ్యాండిల్ దూర్చి గట్టిగా తిప్పి దాన్ని నిద్ర లేపాలి. అతను కదలకుండా నిలబడ్డాడు.

"హ్యాండిల్ లేదు సామీ."

"యాడికి పోయింది?"

"అమ్మను అడగండి."

సిద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "దేవుని గూట్లో ఉండాది. ఆడే ఉంటాది," అంది.

"హ్యాండిల్ లేకుండా కారు ఎట్ల పోతాదే?"

"ఎద్దునమ్మితే పలుపు ఇస్తామా? ఆవునమ్మితే ఇస్తామా? కట్టేసిన తాడు గూడా ఇచ్చేస్తే దాని వెంబడే ఇంట్లో సిరి పోతాదని మా అత్త చెప్పింది. కారుకు తాడు యాడుండాది? అందుకే హ్యాండిల్ పెట్టుకున్నా. కారు తీసుకపోనీ. అది మాత్రం ఇచ్చేదిల్యా."

హనుమంతరాయుడు తల పట్టుకున్నాడు. కొనేవాడు గొడవ చేస్తాడని భయపడి మద్దిలేటి వైపు చూశాడు. మద్దిలేటి ముఖం వెలిగిపోతోంది.

"వదిన చెప్పింది న్యాయం! పలుపు ఇచ్చే ఇంట్లో నేను గొడ్డునే కొనను. నా తాడు నేను తెచ్చుకున్యా," అని సంచిలోంచి నారవాసన పోని కొత్త మోకు తీశాడు.

"తాడుతో ఏం చేస్తావప్పా? ఇది కారు!"

"రెండెద్దులు చూడన్నా. బుక్కరాయసముద్రంలో నాకు తెలిసిన కమ్మరాయన ఉండాడు. ఆడిదాకా లాక్కపోతే కొత్త హ్యాండిల్ కొట్టిస్తాడు."

"నెట్టితే కాదా ఇమామూ?"

"నెట్టితే లోపల గేరు పండ్లు ఊడిపోతాయి సామీ," అన్నాడు ఇమాం హుస్సేన్, కళ్లు ఆర్పకుండా. ఆ కారును అతను నెట్టించి స్టార్ట్ చేసిన సందర్భాలు తక్కువలో తక్కువ రెండు వందలుంటాయి. కానీ వెనక సీటు విద్యలో ఇంజను గురించిన పాఠం లేదు. హనుమంతరాయుడు నమ్మాడు.

వీధిలో ఎద్దులున్నది కొండప్పకే. అడగాలంటే హనుమంతరాయుడికి ప్రాణం పోయినంత పనైంది. "కారు రిపేరుకు పోతాంది, నీ ఎద్దులు ఒక పూట ఇస్తావా?" అని కబురు పంపాడు. కొండప్ప స్వయంగా వచ్చి చూశాడు. ఆ కారును తన ఎద్దులు లాగుతుంటే ఊరంతా చూడడం! ఆరేళ్లలో ఇంత మంచి వార్త ఆయన వినలేదు.

"నీకు ఇయ్యకుండా ఎవరికిస్తానప్పా?" అని ఇంటికి పరిగెత్తి, ఎవరూ చూడకుండా పోతారేమోనని ఎద్దుల మెడలకు గంటలు, కాళ్లకు గజ్జెలు కట్టించి, కొమ్ములకు రంగు కూడా పూయించి తోలుకొచ్చాడు. తానూ వెంట బయల్దేరాడు.

అలా ఎద్దులు ముందు, మద్దిలేటి మోకు మధ్య, కారు వెనక. స్టీరింగు దగ్గర ఇమాం హుస్సేన్. కారు వెనక హనుమంతరాయుడు. తలపాగా చుట్టుకోవడం, చెప్పులు తొడుక్కోవడం ఆ దిగులులో ఆయనకు గుర్తురాలేదు. తన కారు వెనక నడవడం ఆయనకు అదే మొదటిసారి. వెనకనుంచి కూడా అది ఇంత అందంగా ఉంటుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

ఆరుద్ర కార్తె ఎండిపోయి వెళ్లింది. పునర్వసు కూడా సగం గడిచింది. విత్తనాలు గంపల్లో, కళ్లు ఆకాశంలో పెట్టుకుని జనం కూర్చున్న రోజులవి. వీధి మలుపులో అరుగు మీదున్న ముసలి చౌడమ్మ గంటల చప్పుడు విని తలెత్తింది. పసుపు, కుంకుమ, వేపరెమ్మలు, గజ్జెల ఎద్దులు, వెనక చెప్పుల్లేకుండా, తల మీద గుడ్డ లేకుండా, కళ్లనిండా నీళ్లతో నడుస్తున్న పెద్దమనిషి కనబడ్డారు. వానల్లేని ఏడాది రోకలికి కప్పను కట్టి ఊరేగిస్తే ఇంటింటా నీళ్లు పోయడం ఆమె పుట్టినప్పటినుంచీ చేస్తున్న పని. కప్పకు బదులు ఈసారి కారు. మిల్లు సావుకారి తాహతుకు కప్ప ఏం సరిపోతుందని ఆమె అనుకుంది.

లోపలికి వెళ్లి, రెండు మైళ్లనుంచి మోసుకొచ్చిన బిందె ఎత్తుకొచ్చి, కారు నెత్తిన గుమ్మరించింది.

"వానదేవుడా, సల్లగా సూడు తండ్రీ!"

"ఏయ్ అవ్వా! ఏం పని అది?" అని హనుమంతరాయుడు అరిచేలోగా పక్కింటి బిందె దిగింది. ఎదురింటి గౌస్‌బీ కడవ తెచ్చి, "అల్లా వాన ఇయ్యాల," అంటూ పోసింది. సగం నీళ్లు కిటికీలోంచి ఇమాం హుస్సేన్ మీద పడ్డాయి. అతను ముఖం తుడుచుకుని, హారన్ మోగించాడు. అది సాక్షాత్తు శంఖమని జనం అనుకున్నారు. నాలుగు సందులు దాటేసరికి ఆడవాళ్లు పాటలు అందుకున్నారు. ఎక్కడినుంచో పలకలు వాయించేవాళ్లు వచ్చారు. బుక్కరాయసముద్రం దారికి ఎక్కేసరికి వెనక మూడు వందల మంది ఉన్నారు. తాడు తెచ్చినవాడు కాబట్టి పూజ చేయించేవాడు మద్దిలేటేనని ఎవరో నిర్ణయించి, అతని మెడలోనూ దండ వేసి, తలమీదా ఒక చెంబు పోశారు.

"అన్నా, మీ ఊళ్లో కారు అమ్మితే ఇంత చేస్తారా?" అన్నాడు మద్దిలేటి, తడిసి ముద్దై.

"మాట్లాడొద్దు," అన్నాడు హనుమంతరాయుడు పళ్లు బిగించి.

నిజం చెప్పేయాలని ఆయన రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ కొండప్ప పక్కనే ఉన్నాడు. ఇది వానకోసం కాదు, అమ్మకానికి అని మూడు వందల మంది ముందు, అందులోనూ కొండప్ప ముందు ఎట్లా చెప్పడం? తాగే నీళ్లు తెచ్చి పోసిన ఆ ముసలమ్మ మొహం చూసి ఎట్లా చెప్పడం? ఆయన నోరు మూసుకుని నడిచాడు. కాళ్లు కాలుతున్నాయి. కమ్మరి ఇల్లు వచ్చింది, వెళ్లిపోయింది. ఎద్దులను ఆపేవాడు లేడు.

బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద ఊరేగింపు ఆగింది. చెరువులో నీటి చుక్క లేదు, బీటలు వారిన మన్ను మాత్రం ఎంతదూరం చూసినా ఉంది. చౌడమ్మ కారు దగ్గరికి వచ్చి దాని నుదుటిమీద చెయ్యి పెట్టింది.

"నా పెండ్లికి కాదు గాని, నా మనవరాలి పెండ్లికి ఈ బండే వచ్చింది. దుడ్లు ఇయ్యబోతే ఈ సామి తీసుకోల్యా. ఈ పొద్దు మా కోసం ఎండలో నడుసుకుంటా వచ్చినాడు. ఇంగ ఇది ఆయప్పది ఒక్కనిదే కాదు, మా అందరి బండి."

"దేవునికి విడిచిన కోడె మాదిరి!" అని ఎవరో అరిచారు. జనం దండాలు పెట్టారు.

మద్దిలేటి చల్లగా ముందుకొచ్చి ఎద్దుల దగ్గర మోకు విప్పి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. హనుమంతరాయుడి చెవిలో, "అన్నా, నేను కొనను. దేవునికి విడిచిన కోడెను కొన్నోడు యాడన్నా బాగుపడినాడా? నాకు పిల్లాజెల్లా ఉండారు," అన్నాడు.

హనుమంతరాయుడు కారు వైపు చూశాడు. ఒళ్లంతా నీళ్లు కారుతూ, ఎండకు తళతళలాడుతూ, మెడలో దండతో నిలబడి ఉంది. నాయన దాన్ని మొదటిసారి ఇంటి ముందు ఆపిన రోజు కూడా ఇంత జనం రాలేదు. దీన్ని అమ్మాలనుకున్నానా అని ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఛాతీ రెండంగుళాలు పొంగింది.

"ఈ బండిని నేను అమ్మేదిల్యా!" అని గట్టిగా ప్రకటించాడు. జనం ఈలలు వేశారు.

"అమ్ముతావని ఎవరన్నారప్పా?" అన్నాడు కొండప్ప, వింతగా చూస్తూ.

హనుమంతరాయుడు గబగబా వెనక సీటెక్కాడు; జనమే కారును ఇంటిదాకా నెట్టారు, లోపల పండ్లు ఊడతాయని ఇమాం హుస్సేన్ ఈసారి అనలేదు. ఇంటికి వెళ్లేసరికి ఉగ్గాని చల్లారి గట్టిపడి ఉంది. హనుమంతరాయుడు దాన్నే రెండు పళ్లేలు తిని, నాకు కొత్త కారు అక్కరలేదని బెంగుళూరుకు జాబు రాశాడు.

నాలుగోరోజు మధ్యాహ్నం విత్తే పదునుకు సరిపడా వాన కురిసింది. ఈ కార్తెలో ఎలాగూ పడాల్సిన వానే అని బడిపంతులు ఒకాయన అన్నాడు. ఆయనకు ఆ వీధిలో చాలాకాలం ఎవరూ మజ్జిగ ఇవ్వలేదు. జనం మాత్రం విత్తడానికి పోతూ పోతూ నల్ల కారుకు దండం పెట్టుకున్నారు. గోరంట్ల వైపునుంచి కూడా మనుషులు వచ్చి, మా ఊరికెప్పుడు తోలిస్తారని అడిగి వెళ్లారు. హనుమంతరాయుడు అరుగు మీద కూర్చుని, చూద్దామనేవాడు. ఆ చూద్దాంలో ఉన్న దర్జా కొత్త కారు ఎక్కినా వచ్చేది కాదు.

నెల తిరిగేసరికి కొండప్పకు కొత్త కారు వచ్చింది. పాలలాంటి తెలుపు. మొలకెత్తిన చేలు మళ్లీ ఒక వానకు ఎదురుచూస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం కొండప్ప ఆ కారును హనుమంతరాయుడి ఇంటి ముందు ఆపి దిగాడు. గొప్పలు చెప్పుకోవడానికి వచ్చాడని సిద్దమ్మ లోపలికి వెళ్లిపోయింది. కొండప్ప మాత్రం అరుగు అంచున ఒదిగి కూర్చున్నాడు.

"హనుమంతరాయా, ఒక మాట. ఈ కొత్తది నువ్వు పెట్టుకో. నీ నల్లబండి నాకియ్యి."

"తల తిరిగిందా ఏమప్పా?"

"పది దినాలు తిరిగినా, ఇది ఎవరిదని ఒక్కడన్నా అడగల్యా. నీది నిలబడి ఉంటేనే దండాలు పెడతాండారు. అయినా ఆ పొద్దు లాగినవి నా ఎద్దులు గదా? వానలో సగం నాదే గదా?"

హనుమంతరాయుడు తెల్ల కారును తేరిపార చూశాడు. ఆరేళ్లు కలగన్న కారు. ఊ అంటే తనది. వక్కపలుకు నోట్లో వేసుకున్నాడు.

"బాగుండాది కొండప్పా. అయితే ఇది మా ఇంటి ముందర చుట్టం మాదిరి ఉండాది. చుట్టానికి అన్నం పెడతాము గాని, ఇల్లు రాసియ్యము గదా."

కొండప్ప లేచి కారెక్కాడు. పడమట మబ్బు కమ్ముతోంది, వీధిలో జనమంతా అరుగులు దిగి మెడలెత్తి నిలబడ్డారు. వాళ్ల మధ్యనుంచి తెల్ల కారు నెమ్మదిగా పోతుంటే దాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. కిటికీలోంచి తల బయటపెట్టి కొండప్ప కూడా మబ్బునే చూస్తున్నాడు.