నీళ్లకు ముందు ‘ఎ’

ఇంగ్లీషు తప్పులున్న అర్జీలను ప్రజాసంక్షేమం దృష్ట్యా ఇకపై స్వీకరించబోమని నీటి సరఫరా కార్యాలయం వారు ప్రకటించగానే వీధి వీధంతా హర్షం వెలిబుచ్చింది. కుళాయిలు ఎండి అప్పటికి తొమ్మిది రోజులు. అయినా కార్యాలయం స్థాయి పెరిగితే గర్వపడనివాళ్లెవరు?

లాండ్రీ యజమానికి మాత్రం లోపల గుబులు. సోమవారానికల్లా హాస్టల్ దుప్పట్లు ఉతికి ఇవ్వకపోతే ఆ పని చేజారిపోతుంది. ఇల్లు గడిచేది దానిమీదే. అర్జీ రాసే బాధ్యత వీధివాళ్లు ఆయనకే అప్పగించారు. నిఘంటువు ముందేసుకుని, మాకు నీళ్లు కావాలన్న ముక్కను ఇంగ్లీషులో రాసి, మర్యాదగా ఉంటుందని నీళ్ల ముందు ఒక ‘ఎ’ తగిలించాడు.

గంటలో అర్జీ తిరిగొచ్చింది. కార్యాలయం ఎంత చురుకైనదో మీరే చూడండి. నీళ్లు లెక్కకందనివి గనుక ‘ఎ’ చెల్లదని భాషాధికారి ఎర్రసిరాతో రాశారు. పైగా యజమానిని పిలిపించి సెలవిచ్చారు.

"దీనిమీద సంతకం పెడితే రేపు నన్ను చదువుకున్నవాడంటారా? ముందు భాష, తర్వాతే పైపు."

రెండో అర్జీలో ‘ఎన్’ వెళ్లి సమాచారం ముందు కూర్చుంది. మూడోదాంట్లో సలహా ముందు. నాలుగోసారి హడలిపోయి అన్నీ పీకేస్తే, బకెట్ ముందు ఎందుకు లేదని తిప్పికొట్టారు. ఈలోగా మాసిన దుప్పట్ల మూటలు గుమ్మం దాకా పేరుకున్నాయి.

ఆయన భార్యకు ఒళ్లు మండింది. ఆ వీధి వాల్వు తిప్పేవాడు ఆమె సొంత తమ్ముడే. నీళ్లొదలరా అని ఒక్క మాట చెప్పింది. అతను వెళ్లి తిప్పాడు. కుళాయిలన్నీ ధారకట్టాయి.

వీధి గగ్గోలెత్తింది. అయిదో అర్జీ పరిశీలనలో ఉండగా నీళ్లొస్తే ఫైలు మూసేస్తారు. ఈ వీధికి ఇంగ్లీషు రాదన్న మచ్చ అలాగే మిగిలిపోతుంది. పెద్దలు నాలుగు చీవాట్లు పెట్టేసరికి, దుప్పట్లు నానబెడుతున్న యజమాని తడిచేతులతోనే వాల్వు దగ్గరికి పరుగెత్తాడు.

"కట్టెయ్యరా, నీకు పుణ్యముంటుంది."

"మరి దుప్పట్లో బావా?"

"పోతే పోనీరా. అర్జీ ఇంకా పాసవలేదు."

సోమవారం హాస్టల్ వాళ్లొచ్చి నానినవీ నాననివీ మూటగట్టుకుని పోయారు. భార్య గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. మంగళవారం అర్జీ పాసైంది. ఒక్క తప్పూ లేదని, నీళ్ల సంగతి పైపుల విభాగానికి నివేదిస్తామని భాషాధికారి కితాబిచ్చారు.

ఆ సాయంత్రమే వీధిలో అభినందన సభ. అర్జీని పైకి చదివి వినిపించి, పిల్లలచేత వల్లె వేయించారు. ఆఖరున యజమానిని మాట్లాడమన్నారు. ఆయన లేచి నిలబడ్డాడు, గొంతు పిడచగట్టుకుపోయింది.

"కాసిని మంచినీళ్లు..." అన్నాడు, తెలుగులో.

సభ సిగ్గుతో తలదించుకుంది.